అమానతు: దాచడం వేరు, కాపాడటం వేరు

మన ఇళ్ళలో ఇనప్పెట్టెకు ఒక ప్రత్యేక స్థానం ఉండేది. నానీమా నగలు, పొలం కాగితాలు, నికానామా అన్నీ అందులోనే ఉండేవి. పెట్టెకు తాళం వేసి, చెవిని కొంగున ముడివేసుకుంటే చాలు, సొమ్ము భద్రమే. ఇరవై ఏళ్ళ తర్వాత తెరిచినా పెట్టె అదే, తాళం అదే, చెవి అదే. అందుకే దాచడానికీ కాపాడటానికీ మధ్య మనం పెద్దగా తేడా చూడలేదు. దాచి ఉంచితే కాపాడినట్లేనని అనుకున్నాం.

నేడు మన కాలంలో మరోరకం సొమ్ము పుట్టుకొచ్చింది. దాన్ని ఎవరూ దొంగిలించకపోయినా, అది కాలిపోకపోయినా, పెట్టినచోటే పదిలంగా ఉన్నా, కొన్నేళ్ళకు తెరవబోతే తెరుచుకోదు. తాళం మారిపోయి ఉంటుంది. చెవిని గుర్తుపట్టే యంత్రమే వాడుకలో లేకుండా పోయి ఉంటుంది. అలాంటప్పుడు ఆ సొమ్మును ఉంచిన వ్యక్తి బాధ్యుడవుతాడా? "నేనేమీ చెయ్యలేదు, దాన్ని తాకనైనా లేదు" అనే జవాబు అతన్ని నిర్దోషిగా నిలబెడుతుందా? ఈ వ్యాసంలో మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

ముందుగా ఒక మాట

బిట్‌కాయిన్ వంటి క్రిప్టో కరెన్సీ ధర్మసమ్మతమా కాదా అన్న విషయంలో ధర్మవేత్తలు ఏకాభిప్రాయానికి రాలేదు. ఈజిప్టులోని దారుల్ ఇఫ్తా 2018 జనవరిలో బిట్‌కాయిన్ లావాదేవీలు సమ్మతం కావని ప్రకటించింది. ఇండోనేషియా ఉలమా మండలి 2021 నవంబరులో దీన్ని కరెన్సీగా వాడటం హరామ్ అంది. మలేషియాలో సెక్యూరిటీస్ కమిషన్‌కు చెందిన షరీఅత్ సలహా మండలి మాత్రం 2020లో, కొన్ని షరతులకు లోబడి డిజిటల్ ఆస్తుల క్రయవిక్రయాలకు అనుమతించింది. ఆ చర్చ ఇక్కడ మన ఉద్దేశ్యం కాదు. కొనమని చెప్పడం అంతకన్నా కాదు.

అయితే ఇప్పటికే ఇది కొందరి చేతుల్లో ఉంది. చదువుకునే రోజుల్లో సరదాగా కొన్నవారున్నారు, పనికి ప్రతిఫలంగా పుచ్చుకున్నవారున్నారు. దాన్ని సమ్మతమనుకునే వ్యక్తి జకాత్ లెక్కకట్టాలన్నా, అప్పు తీర్చాలన్నా దాన్ని తెరవాలి. సమ్మతం కాదని భావించి వదిలించుకోదలచిన వ్యక్తికి కూడా ముందు అది తెరుచుకోవాలి. కనుక ఏ అభిప్రాయం వారికైనా ఈ ప్రశ్న తప్పదు.

వాలెట్‌లో ఉండేది ఏమిటి?

బిట్‌కాయిన్ వ్యవస్థ 2009 జనవరి 3న మొదలైంది. ఎవరి ఖాతాలో ఎంత ఉందన్న లెక్క ఒకే బ్యాంకులో ఉండదు. ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఒకే రకమైన చిట్టాగా రాసి ఉంటుంది. వాలెట్ అంటే పర్సు అని అర్థమే గాని, అందులో నాణేలేవీ ఉండవు. ఉండేది ఒక రహస్య సంఖ్య మాత్రమే. చిట్టాలోని సొమ్మును కదిలించే తాళంచెవి అదే. అది ఎవరి దగ్గరుంటే సొమ్ము వారి చేతిలో ఉన్నట్లు. పోతే మేనేజరు దగ్గరికెళ్ళి అర్జీ పెట్టుకోవడానికి మేనేజరు లేడు. వారసత్వ పత్రం చూపితే తెరిచిపెట్టే అధికారీ లేడు.

తొలినాళ్ళలో ఈ తాళంచెవులు కంప్యూటర్‌లో 'వాలెట్.డ్యాట్' అనే ఫైలులో ఉండేవి. ఆ ఫైలును ఒక డిస్కులోకి ఎక్కించి అలమారాలో పెట్టి "ఇక నిశ్చింత" అనుకున్నవారు ఎందరో. కాని ఆ నిశ్చింతలో మూడు చిల్లులున్నాయి.

మొదటిది: నాటి ప్రోగ్రామ్ ఒకేసారి 100 తాళంచెవులను ముందుగా తయారుచేసి ఉంచేది. అవి వాడుకలో అయిపోతే కొత్తవి పుట్టేవి. ఆ కొత్తవి అలమారాలోని పాత ప్రతిలో ఉండవు. అంటే ప్రతి తీసి పెట్టుకున్న మనిషి కూడా, ఆ తర్వాత వాడకం సాగించి ఉంటే, ఖాళీ చెవుల గుత్తినే కాపాడుకుంటున్నట్లు. ఒకే మూలం నుండి చెవులన్నీ పుట్టే పద్ధతి ఆ ప్రోగ్రామ్‌లోకి 2016లో గాని రాలేదు.

రెండవది: ఫైలు రూపమే మారింది. పాత ఫైళ్ళు బర్క్‌లీ డీబీ అనే పద్ధతిలో ఉండేవి. బిట్‌కాయిన్ కోర్ అని పిలిచే ఆ ప్రధాన ప్రోగ్రామ్ 2021లో కొత్త రూపాన్ని ప్రవేశపెట్టింది. 2025 అక్టోబరులో వచ్చిన 30వ వెర్షన్ నుండి పాత ఫైళ్ళను నేరుగా తెరవడం మానేసింది. వాటిని కొత్త రూపంలోకి మార్చుకునే సాధనాన్ని మాత్రం ఇచ్చింది. అక్కడా ఒక గుణపాఠం ఉంది. ఈ 30వ వెర్షన్‌లోనూ, వెంటనే వచ్చిన 30.1లోనూ ఒక లోపం ఉన్నట్లు 2026 జనవరిలో బయటపడింది. కొన్ని అరుదైన పరిస్థితుల్లో, పాత ఫైలును మార్చే ప్రయత్నం విఫలమైతే అదే ఫోల్డరులోని వాలెట్ ఫైళ్ళు చెరిగిపోయే ప్రమాదం ఉండేది. దాన్ని ఆ తర్వాతి వెర్షన్‌లో సరిదిద్దారు. ముందుగా వేరే ప్రతి తీసిపెట్టుకున్నవారికి ఆ లోపం వల్ల భయం లేదు. తొందరపడినవారికే ముప్పు.

మూడవది: ప్రోగ్రామ్‌లే అంతరించిపోతాయి. మల్టీబిట్ అనే వాలెట్‌ను ఒకప్పుడు కొత్తవారు ఎక్కువగా వాడేవారు. దాని నిర్వహణను ఆపివేస్తున్నట్లు 2017 జులైలో ప్రకటించారు. ఇంకా కొన్ని వాలెట్లు రహస్య సంఖ్యకు బదులు 12 లేక 24 మామూలు ఇంగ్లీషు పదాలను రాసుకోమంటాయి. ఆ పదాల పట్టికకు 2013లో ఒక ఉమ్మడి ప్రమాణం వచ్చింది. అందులో 2,048 పదాలుంటాయి. అయితే ఎలక్ట్రమ్ వంటి ప్రోగ్రామ్‌కు తనదైన వేరే పద్ధతి ఉంది. ఒకే ప్రమాణాన్ని పాటించే వాలెట్లు కూడా ఆ పదాల నుండి చెవులను వేర్వేరు దారుల్లో పుట్టిస్తాయి. కాబట్టి పదాలన్నీ సరిగ్గా రాసుకున్న వ్యక్తి, పదేళ్ళ తర్వాత మరో ప్రోగ్రామ్‌లో వాటిని టైపు చేస్తే "సొమ్ము సున్నా" అని కనిపించవచ్చు. సొమ్ము ఎక్కడికీ పోలేదు. తలుపు తప్పు, అంతే. కాని ఆ సంగతి తెలియని భార్యాబిడ్డలు ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేస్తారు.

ఉన్ని బట్టల మసలా

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పైన చెప్పిన నష్టాల్లో దేనిలోనూ మనిషి చేసిన పని ఏమీ లేదు. అతను చేయని పనే ఉంది. చేయకపోవడం కూడా దోషమేనా?

మన ధర్మశాస్త్రంలో అమానతు గురించి ఒక మూలసూత్రం ఉంది. అమానతు పుచ్చుకున్న వ్యక్తి హద్దు మీరకుండా, నిర్లక్ష్యం చేయకుండా ఉంటే, ఆ వస్తువు నశించినా అతనిపై నష్టపరిహారం ఉండదు. ఎంతో దయగల సూత్రమిది. ఇది లేకపోతే ఎవరూ ఎవరి సొమ్మూ దాచిపెట్టడానికి ముందుకు రారు. అయితే నిర్లక్ష్యమంటే ఏమిటన్న దగ్గర మన ఫుఖహాలు ఎంత సూక్ష్మంగా ఆలోచించారో చూడండి.

క్రీ.శ. 1277లో పరమపదించిన ఇమామ్ నవవీ (రహ్మలై) తమ 'మిన్‌హాజుత్తాలిబీన్' గ్రంథంలో, అమానతుగా ఉంచిన ఉన్ని బట్టల ప్రస్తావన తెస్తారు. వాటిని పెట్టెలో పెట్టి తాళం వేస్తే సరిపోదు, పురుగు పట్టకుండా వాటిని గాలికి పెట్టడం అమానతుదారుని బాధ్యత అంటారు. అవసరమైతే, పాడవకుండా ఉండేందుకు వాటిని తొడగాలని కూడా చెబుతారు. ఆశ్చర్యం కలిగించే మాట ఇది! ఇతరుల బట్టను తొడగడం మామూలుగా హద్దు మీరడమే. కాని తాకకుండా ఉంచడం వల్ల ఆ వస్తువు నశిస్తుందని తెలిసినప్పుడు, తాకడమే కాపాడటం అవుతుంది.

ఈ మసలాలో ఒక లోతైన విషయం ఉంది. కాపాడటం ఎలాగన్నది కాపాడేవాని ఇష్టాన్ని బట్టి ఉండదు, ఆ వస్తువు స్వభావాన్ని బట్టి ఉంటుంది. బంగారాన్ని తాకకుండా ఉంచవచ్చు. పశువుకు మేత వేయాలి. ఉన్నిని గాలికి ఆరవేయాలి. "నేను తాళం వేశాను" అనే జవాబు బంగారం విషయంలో చెల్లుతుంది గాని, ఆకలితో చచ్చిన మేక విషయంలో చెల్లదు.

డిజిటల్ వాలెట్ ఈ లెక్కలో ఉన్ని బట్ట వంటిది. సాఫ్ట్‌వేర్ మార్పే దానికి పట్టే పురుగు. కనుక దాన్ని పుచ్చుకున్న వ్యక్తి, ముఖ్యంగా అందులో భాగస్వాముల సొమ్ము, అనాథల సొమ్ము, భార్య మహర్ సొమ్ము కలిసి ఉన్నప్పుడు, అప్పుడప్పుడు దాన్ని గాలికి పెట్టవలసిందే. కేవలం తన సొంత సొమ్మే అయినా, సంపదను వృథా కానివ్వడాన్ని మన ధర్మం ఇష్టపడదు. అసలు మన సొంతమని మనం అనుకునే ప్రతిదీ అల్లాహ్ మనకప్పగించిన అమానతే కదా!

"రేపు ఏం జరుగుతుందో నాకేం తెలుసు?"

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. పదేళ్ళ తర్వాత ఏ ప్రోగ్రామ్ ఉంటుందో, ఏది పోతుందో సామాన్యునికి ఎలా తెలుస్తుంది? ఇంజనీర్లకే తెలియదు. తెలియని దానికి మనిషిని బాధ్యుణ్ణి చేయడం అన్యాయం కాదా?

నిజమే. భవిష్యత్తును ఎరిగినవాడు అల్లాహ్ ఒక్కడే. అమానతుదారుణ్ణి ఎవరూ జ్యోతిషం చెప్పమనడం లేదు. ఉన్నిలో ఏ రోజు పురుగు పడుతుందో ఆ పెట్టె ఉంచుకున్న మనిషికీ తెలియదు. తెలియదు కనుకనే అప్పుడప్పుడు తెరిచి చూస్తాడు. తెలియకపోవడం అనేది సాకు కాకూడదు, తెరిచి చూడటానికి అదే కారణం కావాలి.

ఎప్పుడెప్పుడు చూడాలి? ప్రతి ముస్లిం కుటుంబానికీ సంవత్సరంలో ఒక రోజు ఉంది, జకాత్ లెక్క కట్టే రోజు. ఆ రోజు నగలు తూచినట్లే, బాకీలు రాసినట్లే, ఈ వాలెట్‌నూ తెరిచి చూడవచ్చు. ప్రోగ్రామ్ ఇంకా నడుస్తోందా? పాస్‌వర్డ్ గుర్తుందా? ఫైలు ఉన్న డిస్కు చదవబడుతోందా? ఏదైనా మార్పు అవసరమైతే ముందు వేరే ప్రతి తీసి, దాన్ని మరోచోట ఉంచి, ఆ తర్వాతే మార్పుకు పూనుకోవాలి. పెద్ద మొత్తాన్ని కదిలించే ముందు కొద్ది మొత్తంతో పరీక్షించాలి.

పరీక్షించడం అనే మాటను తేలిగ్గా తీసుకోవద్దు. పూర్వం మన విద్వాంసులు ఒక గ్రంథాన్ని చేతిరాతతో నకలు చేసినప్పుడు, దాన్ని మూలప్రతితో అక్షరం అక్షరం పోల్చి చదివేవారు. దీన్ని ముఖాబలా అంటారు. పోల్చని నకలుపై వారు నమ్మకముంచేవారు కాదు. వాలెట్ ప్రతి కూడా అంతే. దాని నుండి ఒక్కసారైనా సొమ్మును తెరిచి చూడనంతవరకు అది ప్రతి అని మనం అనుకోవడమేగాని, నిజంగా ప్రతి అవునో కాదో తెలియదు. అమెరికాలో స్థిరపడిన స్టెఫాన్ థామస్ అనే ప్రోగ్రామర్ సంగతి 2021 జనవరిలో పత్రికల్లో వచ్చింది. 7,002 బిట్‌కాయిన్ల తాళంచెవి ఆయన దగ్గరున్న ఒక డిస్కులో ఉంది. ఆ డిస్కు పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం పోయింది. పది సార్లు తప్పు కొడితే అది శాశ్వతంగా మూసుకుపోతుంది. అప్పటికి ఎనిమిది అవకాశాలు అయిపోయాయి. వృత్తిరీత్యా ఈ విద్య తెలిసిన మనిషికే ఆ స్థితి వచ్చిందంటే, మిగతావారు ఎంత జాగ్రత్తగా ఉండాలి!

జాగ్రత్త అనగానే కంటపడిన ప్రతి "అప్‌డేట్" మీటనూ నొక్కమని కాదు. 2018 డిసెంబరులో ఎలక్ట్రమ్ వాడుతున్నవారి తెరపై కొత్త వెర్షన్ దింపుకోమని ఒక సందేశం వచ్చింది. అది మోసగాళ్ళు పంపిన సందేశం. దాన్ని నమ్మి దింపుకున్నవారి సొమ్ము ఊడ్చుకుపోయింది. ప్రోగ్రామ్‌ను దాని సొంత చిరునామా నుండే తీసుకోవాలి. "మీ పాత వాలెట్ తెరిచి ఇస్తాం, మీ పన్నెండు పదాలు చెప్పండి" అనే అపరిచితులకు ఆ పదాలు చెప్పడమంటే, బీరువా తాళంచెవిని దారినపోయేవారి చేతిలో పెట్టడమే.

ఎడారిలో పూడ్చిందా? ఇంట్లో పూడ్చిందా?

ఇక రెండో విషయం, మాటలో నిజాయితీ. హనఫీ ఫిఖ్హ్‌లో 'మాలె జిమార్' అనే ఒక అధ్యయనాంశం ఉంది. తనదే అయినా చేతికందే ఆశ లేని సొమ్మును అలా పిలుస్తారు. మన మదర్సాల్లో బోధించే 'హిదాయా' గ్రంథం దీనికి ఉదాహరణలు ఇస్తుంది. సముద్రంలో పడిపోయిన సొమ్ము, ఎడారిలో పూడ్చిపెట్టి చోటు మరచిపోయిన సొమ్ము ఇలాంటివి. వీటిపై జకాత్ లేదు. కాని ఇంట్లోనే ఎక్కడో పూడ్చిన సొమ్ము ఈ కోవలోకి రాదు. ఎందుకంటే తవ్వితే దొరుకుతుంది.

పాత వాలెట్ ఉన్నవారు తమ మనస్సాక్షిని అడగవలసిన ప్రశ్న ఇదే. నా సొమ్ము ఎడారిలో ఉందా, ఇంట్లో ఉందా? తాళంచెవి నిజంగా నశించిపోయి ఉంటే అది ఎడారి. ఫైలు ఉండి, పాస్‌వర్డ్ తెలిసి, పాత ప్రోగ్రామ్‌ను వెతికి దింపుకోవడానికి బద్ధకిస్తున్నట్లయితే అది ఇల్లే. బద్ధకానికి "అందుబాటులో లేదు" అని పేరు పెట్టి జకాత్ నుండీ, అప్పులవారి నుండీ తప్పించుకోవడం అల్లాహ్ ముందు చెల్లుతుందా? ఎవరి పరిస్థితి ఏమిటన్నది వారు తమకు నమ్మకమైన ముఫ్తీ గారికి వివరంగా చెప్పి అడిగి తెలుసుకోవాలి. కాని వివరం నిజంగా చెప్పడం వారి బాధ్యత.

మధ్యలో ఉండే పరిస్థితులూ లేకపోలేదు. 2024లో వెలుగులోకి వచ్చిన ఒక ఉదంతం చూడండి. ఐరోపాకు చెందిన ఒక వ్యక్తి 2013లో ఒక ప్రోగ్రామ్ చేత పాస్‌వర్డ్ తయారుచేయించి, దాన్ని పోగొట్టుకున్నాడు. అతని 43 బిట్‌కాయిన్లు ఏళ్ళ తరబడి బిగుసుకుపోయాయి. చివరికి ఇద్దరు నిపుణులు ఆ ప్రోగ్రామ్ తాలూకు పాత వెర్షన్‌ను తీసి పరిశీలించారు. అది కంప్యూటర్ గడియారంలోని సమయాన్ని బట్టి పాస్‌వర్డ్‌లు తయారుచేసేదని కనిపెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను మళ్ళీ పుట్టించారు. పాత సాఫ్ట్‌వేర్ ఇంకా దొరికింది కాబట్టే అది సాధ్యమైంది. ఎడారి అనుకున్నది ఇల్లయింది.

దీనికి విరుద్ధమైన ఉదంతం మన దేశంతోనే ముడిపడి ఉంది. కెనడాలోని క్వాడ్రిగా సంస్థ అధినేత గెరాల్డ్ కాటన్ 2018 డిసెంబరులో జైపూర్‌లో మరణించాడు. పాస్‌వర్డ్‌లు ఆయనకొక్కడికే తెలుసనీ, ఖాతాదారుల సొమ్ము లోపల చిక్కుకుపోయిందనీ సంస్థ ప్రకటించింది. తర్వాత పరిశీలిస్తే ఆ వాలెట్లు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. అది మోసమని ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ 2020లో తేల్చింది. "తాళం తెరుచుకోవడం లేదు" అనే మాట వెనుక ఎన్ని దాగగలవో దీన్నిబట్టి గ్రహించవచ్చు. ఇతరుల సొమ్ము చేతిలో ఉన్నవారు ఒక్కరి జ్ఞాపకశక్తి మీదే అంతా నిలబెట్టడం, వారు ఎంత నిజాయితీపరులైనా, అనుమానానికి తలుపు తెరవడమే.

వారసుల హక్కు

పాత వాలెట్లు మూతపడటానికి మరణం కూడా ఒక పెద్ద కారణం. చైనాలిసిస్ అనే సంస్థ 2017లో వేసిన అంచనా ప్రకారం, శాశ్వతంగా పోయిన బిట్‌కాయిన్లు 27.8 లక్షల నుండి 37.9 లక్షల దాకా ఉండవచ్చు. మొత్తం పుట్టగలిగేవే 2.1 కోట్లు. వాటిలో కొన్నైనా ఏ వితంతువుకో, ఏ అనాథ బిడ్డకో చెందవలసినవి అయి ఉంటాయి.

చెప్పవలసిన బాధ్యతలు ఉన్న విశ్వాసి వీలునామా రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదన్న భావం గల దైవప్రవక్త (స) హితవు మనందరికీ తెలిసినదే. ఈ కాలంలో ఆ హితవును పాటించాలంటే సొమ్ము ఉందని రాస్తే చాలదు, దారి కూడా రాయాలి. ఏ వాలెట్, ఏ సంవత్సరంలో తయారైంది, ఏ ప్రోగ్రామ్, ఏ వెర్షన్, పదాలా లేక ఫైలా, చివరిసారి ఎప్పుడు తెరిచి చూశాం? ఈ వివరాలు ఇంట్లో నమ్మకమైన వారికి తెలియాలి. వీటిని చూసి ఎవరూ సొమ్ము కాజేయలేరు. రహస్య పదాలు, పాస్‌వర్డ్ మాత్రం వేరేచోట, కాగితంపై, భద్రంగా ఉండాలి. అవి ఎక్కడున్నాయో తగిన సమయానికి తెలిసే ఏర్పాటు చేయాలి. సెల్‌ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోవడం భద్రత కాదు.

రహస్యమంతా తనతోనే మట్టిలో కలిసిపోయేలా దాచుకున్న మనిషి దొంగల నుండి సొమ్మును కాపాడాడు, నిజమే. కాని అదే తాళంతో తన బిడ్డలను కూడా బయట నిలబెట్టాడు. వారసత్వంలో వారి భాగాలను నిర్ణయించినవాడు అల్లాహ్. ఆ భాగం వారికి చేరే దారిని మూసివేసే హక్కు మనకెవరిచ్చారు?

కాబా గృహపు తాళంచెవి

మక్కా జయించిన రోజున దైవప్రవక్త (స) కాబా తాళంచెవిని తిరిగి ఉస్మాన్ బిన్ తల్హా (రజి) చేతికే అప్పగించారు. ఆనాటి నుండి ఆ బాధ్యత అదే వంశంలో కొనసాగుతోంది. ఈ పద్నాలుగు వందల ఏళ్ళలో తాళాలు మారాయి, తాళంచెవులు మారాయి. ఉస్మానియా సుల్తానుల కాలం నాటి పాత చెవులు నేడు ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి మ్యూజియంలో ఉన్నాయి. వాటితో ఇప్పుడు ఏ తలుపూ తెరుచుకోదు. అయినా అమానతు పోలేదు. ఎందుకంటే తాళం మారిన ప్రతిసారీ కొత్త చెవి అదే బాధ్యతగల చేతికి చేరింది, ఒకరు కన్నుమూస్తే మరొకరు అందుకున్నారు. 2024లో కూడా అలాగే జరిగింది.

ప్రియ పాఠకులారా! మీ ఇంట్లో అలాంటి పాత వాలెట్ ఏదైనా ఉంటే, వచ్చే జకాత్ లెక్క వరకు ఆగకుండా ఈ వారమే ఒకసారి గాలికి పెట్టండి. అలాంటిదేమీ లేకపోతే, మీ వద్ద ఇంకెవరిదైనా పత్రమో, బాకీయో, మాటో అమానతుగా ఉందేమో గుర్తుచేసుకోండి. దానికీ పురుగు పట్టవచ్చు.

మనకప్పగించిన ప్రతి అమానతునూ చెక్కుచెదరకుండా హక్కుదారుల చేతికి చేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.